గాలిఫోను పరదేశం వెళ్ళిన సంగతి

ఈమధ్య ఫోన్ల శాఖలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు గుంటూరులో మా ఇంటికి వచ్చారు. "మేడమ్, మన దేశం సొంతంగా ఒక ప్రమాణం తయారు చేసిందంట. దాన్ని వేరే దేశాల చేత కూడా ఒప్పిస్తారంట. అదెట్లా జరుగుతుంది?" అని అడిగారు. నాకు తెలిసినంత చెప్పి పంపాను. వాళ్ళు వెళ్ళాక, చెప్పాల్సిన వాటిలో సగం కూడా చెప్పలేదనిపించింది. అందుకని ఇది రాస్తున్నాను.

నా పేరు సలోమీ. మా నాన్నగారు మిషన్ హైస్కూల్లో సైన్సు మాస్టారు. ఇంట్లో పాత రేడియో విప్పి మళ్ళీ బిగించడం నాకు ఆయన నేర్పిన ఆట. చదువయ్యాక శాఖలో ఇంజనీరుగా చేరాను, అక్కడే రిటైరయ్యాను. ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో రాయను. అది నాకే సరిగ్గా గుర్తులేదు. నాకు గుర్తున్నది ఒక ఫోను సంగతి. మన దేశంలో పుట్టిన ఆ ఫోనును వేరే దేశానికి తీసుకువెళ్ళిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని.

ప్రమాణం అన్న మాట వినగానే చాలామంది భయపడతారు. అందులో భయపడేదేమీ లేదు. ఒక పరికరం ఇంకో పరికరంతో ఎలా మాట్లాడాలో ముందుగా చేసుకున్న ఒప్పందమే ప్రమాణం. ఆ ఒప్పందం రాసినవాళ్ళ పరికరాలే ముందు అమ్ముడుపోతాయి. మనం ఆలస్యంగా మొదలుపెట్టిన దేశం కాబట్టి, ఎప్పుడూ వేరేవాళ్ళు రాసిన ఒప్పందం ప్రకారమే కొనుక్కునేవాళ్ళం. తొంభైల చివర్లో మొదటిసారి మన ఒప్పందం మనమే రాసుకున్నామని చెప్పుకునే రోజు వచ్చింది.

నల్లరేగడిలో రాగితీగ

పర్చూరు వైపు పొలాలు చూసినవాళ్ళకి తెలుసు. ఎండాకాలం నల్లరేగడి చెయ్యి పట్టేంత వెడల్పున నెర్రెలిస్తుంది. వానాకాలం ఉబ్బుతుంది. అందులో పాతిన కేబుల్‌ను ఆ భూమి ఒక కాలంలో లాగుతుంది, ఇంకో కాలంలో నొక్కుతుంది. అతుకు పెట్టిన ప్రతిచోటా నీళ్ళు చేరేవి. దానికితోడు రాగి దొంగలు. ఊరికి ఫోను ఇచ్చామని పేరే గాని, ఏడాదిలో ఎక్కువ రోజులు అది గోడకి అలంకారం.

అప్పుడు మద్రాసులో ఒక ప్రయోగశాల వాళ్ళు తీగ లేని ఫోను తయారు చేశారు. ఎక్స్ఛేంజి దగ్గర ఒక టవరు, ఇంటి మీద గొట్టానికి కట్టిన చిన్న యాంటెన్నా, ఇంట్లో గోడకి ఒక పెట్టె. పెట్టెకి మామూలు ఫోనే తగిలిస్తారు. జేబులో పెట్టుకు తిరిగేది కాదు. మా ఊళ్ళ వాళ్ళు దానికి గాలిఫోను అని పేరు పెట్టారు. ప్రయోగానికి మా ప్రాంతం ఎంచుకోవడానికి కారణం చాలా మామూలుది. నేల చదును. టవరు మీంచి చూస్తే దూరపు ఊళ్ళ ఇంటి కప్పులు కూడా కనపడతాయి. కనపడితేనే ఆ ఫోను మాట్లాడుతుంది.

మొదటి ఏడాది మేము నేర్చుకున్నది ప్రయోగశాలలో ఎవరూ ఊహించనిది. ఆడవాళ్ళు యాంటెన్నా గొట్టానికి తాడు కట్టి బట్టలు ఆరేసేవాళ్ళు. తడి చీర బరువుకి గొట్టం తిరిగేది, ఫోను మూగబోయేది. పొగాకు కాల్చే ఎత్తైన కొట్లు, అంటే బేరన్ల మీద పెట్టిన యాంటెన్నాలు మాత్రం చక్కగా పనిచేసేవి. బేరను ఊళ్ళో అన్నిటికంటే ఎత్తు, అక్కడ బట్టలు ఎవరూ ఆరెయ్యరు. ఇలాంటివన్నీ మద్రాసుకి చెప్పేదాన్ని. అక్కడ ప్రయోగశాల నడిపే ప్రొఫెసరుగారు నవ్వకుండా వినేవారు. గొట్టం తిరగకుండా కొత్త బిగింపు చేసి పంపించారు. పై వాళ్ళలో అలా వినే మనిషి దొరకడం నా అదృష్టం. మీకు దొరికితే వదలకండి.

వ్యాను ఆగిన ఇల్లు

ఆ ఫోనును విదేశాలకు అమ్మాలని ఢిల్లీలో నిర్ణయమైంది. తూర్పు ఆఫ్రికాలోని ఒక దేశం నుంచి బృందం చూడటానికి వస్తోందని మాకు కబురొచ్చింది. అప్పుడు మా పై అధికారి వెంకటరత్నంగారు. పని తెలిసిన మనిషి, గట్టి గొంతు, అతిథులొస్తే ఎక్కడలేని కంగారు. మూడు ఇళ్ళు ఎంపిక చేసి, గోడలకి సున్నం వేయించి, యాంటెన్నాలు తుడిపించారు. "అమ్మాయ్ సలోమీ, ఈ మూడిళ్ళే. నాలుగో ఇంటి వైపు వాళ్ళ తల తిరగకూడదు" అన్నారు.

బృందంలో పెద్దాయన పేరు ఒమోండి. వాళ్ళ దేశంలో గ్రామాల ఫోన్లన్నీ చూసే ఇంజనీరు. నెరిసిన జుట్టు, నెమ్మదైన మాట. మొదటి ఇంట్లో అన్నీ చూశారు, కాఫీ తాగారు, బాగుందన్నారు. రెండో ఇంటికి వెళ్తుంటే దారిలో ఒక పెంకుటింటి మీద యాంటెన్నా కనపడింది. "దయచేసి ఆపండి. అక్కడికి వెళ్దాం" అన్నారు.

వెంకటరత్నంగారు నా వైపు చూశారు. నేను డ్రైవరు వైపు చూశాను. డ్రైవరు అప్పటికే బ్రేకు వేసేశాడు.

ఆ ఇల్లు వెంకాయమ్మగారిది. పత్తి, మిరప పండించే కుటుంబం. ఆవిడ వాకిట్లో మిరపకాయలు ఎండబోసి, తాలు కాయలు ఏరుతోంది. ఇంతమందిని చూసి లేచి, "ఎవరమ్మా వీళ్ళు? కూర్చోమనండి. ఆ ఘాటుకి తుమ్ముతన్నారు పాపం, నీడకి రమ్మనండి" అంది.

ఆవిడ వసారాలోకి వచ్చి ఫోను బల్ల పక్కన నిలబడింది. అది ఎలా పనిచేస్తోందని ఒమోండి గారు అడిగారు. నేను తెలుగులో చెప్పాను.

"పని చేస్తంది. కరెంటు పోయినప్పుడు కాసేపు వస్తది, తర్వాత రాదు. పెద్దగాలొస్తే గరగరమంటది. కానీ నేను గుంటూరు యార్డుకి ఫోన్ చేసి ధర కనుక్కున్నాకే బండి కట్టిస్తన్నా. మునుపు కమిషను కొట్టు ఆయన ఏది చెప్తే అదే ధర."

"మీ బంధువులకి కూడా పెట్టించుకోమని చెబుతారా?" అని ఆయన అడిగారు.

వెంకాయమ్మగారు ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుంది. "చెప్పడం దాకా ఎందుకయ్యా! సత్తెనపల్లి దగ్గర మా ఆడపడుచు ఉంది. ఎన్నిసార్లు అడిగిందో! వీళ్ళు ఇస్తేగా? ఇదిగో, ఈ సారే ఉన్నారుగా, అడగండి!" అని మా వెంకటరత్నంగారిని చూపించింది.

ఒక్క మాట కూడా మార్చకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఒమోండి గారు మా పై అధికారి వైపు తిరిగి చాలా మర్యాదగా అడిగారు. "మీ పక్క ప్రాంతానికి ఇంకా ఇవ్వనిది, సముద్రం దాటించి మాకు ఇవ్వాలని ఎందుకు అనుకుంటున్నారు?"

దశలవారీగా ఇస్తామని వెంకటరత్నంగారు చెప్పారు. నిజం ఏమిటంటే, మన వస్తువు మీద మన శాఖకే పూర్తి నమ్మకం కుదరలేదు. పెద్ద ఆర్డరు ఇస్తే, రేపు ఇంకేదో మెరుగైనది వస్తే ఎలా అని భయం. పెద్ద ఆర్డరు లేక, ఆ ఫోన్లు తయారు చేసే కంపెనీ ధర తగ్గించలేకపోయేది. ధర తగ్గలేదని మళ్ళీ ఆర్డరు ఇచ్చేవాళ్ళు కాదు.

తిరిగి వెళ్ళేటప్పుడు వ్యానులో వెంకటరత్నంగారు ముందు సీట్లోంచి వెనక్కి తిరగలేదు. బేరం పోయిందనే అందరం అనుకున్నాం. కానీ ఆ బృందం వాళ్ళ దేశంలో ఒక సరస్సు ఒడ్డు ఊళ్ళలో ప్రయోగానికి ఒప్పుకుంది. ఆ ఘాటులో, ఆమె కోపంగా మాట్లాడుతున్నంతసేపూ ఆమె రెండో చెయ్యి ఫోను మీదే ఉందని, అది చూసే ఒప్పుకున్నానని ఒమోండి గారు తర్వాత నాతో అన్నారు. నేను అది గమనించనే లేదు.

మొదటి ఉరుము

ప్రయోగం నిలబెట్టడానికి వెళ్ళిన చిన్న బృందంలో నన్నూ వేశారు. అప్పటికి మా అమ్మ ఇంకా ఉంది. "అంత దూరం ఆడపిల్లని పంపుతారా?" అంది. తర్వాత తనే చర్చిలో నా కోసం ప్రార్థన చేయించి, పెట్టెలో పచ్చడి సీసాలు సర్దింది.

సరస్సు ఒడ్డున మా పని అందంగా మొదలైంది. నీళ్ళ మీద రేడియో తరంగం చక్కగా పరుగెత్తుతుంది. చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళలో ఫోన్లు మోగాయి. ఒక పెద్దావిడ ఫోనులో కొడుకు గొంతు విని, రిసీవరును తన చుట్టూ నిలబడ్డ వాళ్ళందరి చెవులకీ ఆనించింది. నాకు వెంకాయమ్మగారు గుర్తొచ్చారు. ఏ దేశమైతేనేం, మనిషి ఫోను పట్టుకునే పద్ధతి ఒకటే.

అప్పుడు వానలు మొదలయ్యాయి. మొదటి ఉరుముల వాన వెలిసేసరికి కొండవైపు ఊళ్ళో పెట్టెలన్నీ మాడిపోయి ఉన్నాయి. ఒక ఇంట్లో గోడ కూడా నల్లబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అంతవరకు దేవుడి దయ. కానీ ఊరి పెద్ద ఒకాయన మాడిన పెట్టెను మా ముందు నేల మీద పెట్టి, "ఇది పిడుగును మా ఇంట్లోకి పిలిచింది" అన్నాడు. ఆయన చెప్పింది తప్పని నేను అనలేకపోయాను.

ఇండియాకి ఫోను చేశాను. వెంకటరత్నంగారు, "పిడుగు మన చేతిలోదా? ప్రకృతి వైపరీత్యం అని చెప్పు. కాగితం మీద మాత్రం ఏమీ పెట్టకు" అన్నారు. పక్క జిల్లాలో ఒక పెద్ద విదేశీ కంపెనీ తన పరికరాలతో సిద్ధంగా ఉంది. ఇంకో దేశం, మనలాగే ఆలస్యంగా మొదలుపెట్టినదే, తన పరికరంతో పాటు తేలికైన అప్పు కూడా ఇస్తానంటోంది. మన లోపం బయటపడితే బేరం వాళ్ళదవుతుందని ఆయన భయం. ఆ భయం నాకూ ఉంది.

కానీ నాకు భయం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. పర్చూరులో పిడుగులు పడవా? పడతాయి. అక్కడ ఇన్ని పెట్టెలు ఎప్పుడూ మాడలేదు. ఇక్కడెందుకు మాడాయి?

మర్నాడు పొద్దున్నే ఒమోండి గారూ నేనూ ఒక ఇంటి వెనక తవ్వించాం. పిడుగుపాటు భూమిలోకి దిగిపోవడానికి పాతిన ఎర్తు కడ్డీ చుట్టూ మట్టి పొడిపొడిగా ఉంది. కాస్త కిందకి వెళ్తే రాయి. మా నల్లరేగడి తడిని పట్టుకుని ఉంటుంది, అందులో ఒక్క కడ్డీ పాతితే చాలు. మేము అక్కడ నేర్చుకుని, అక్కడే పరీక్షించి, ఫోను అమర్చే పద్ధతి చెప్పే పుస్తకంలో "ఒక కడ్డీ" అని రాశాం. ఆ పుస్తకం మద్రాసులో అచ్చయింది, సముద్రం దాటింది. రాతినేల ఒకటుందని అందులో ఎక్కడా లేదు. మా పొలాల మట్టి మాకు తెలియకుండానే మా ప్రమాణంలో కలిసిపోయింది.

"మీ యంత్రం బాగానే ఉంది. మీ భూమిని కూడా వెంట తెచ్చి ఉండాల్సింది" అన్నారు ఒమోండి గారు. అది విని నవ్వడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

పద్ధతి మార్చాం. ఇళ్ళ చుట్టూ పొడవాటి కందకం తీసి, అందులో ఇనప పట్టీ పరిచి, బొగ్గూ ఉప్పూ నింపాం. అది మన దేశంలో రాతినేలల్లో వాడే పద్ధతి. ఇంటింటి పట్టీనీ పక్కింటి పట్టీతో కలపాలన్నది ఒమోండి గారి ఆలోచన. అక్కడ ఇళ్ళు గుంపుగా ఉంటాయి కాబట్టి అది కుదిరింది. ఊరివాళ్ళు ముందు దూరంగా నిలబడి చూశారు. తర్వాత ఆ ఊరి పెద్దే పార తెచ్చుకుని కందకంలోకి దిగాడు.

తర్వాతి వానకి మేమంతా ఒక వసారాలో నిలబడి చూశాం. వాన ఆగాక ఇంటింటికీ వెళ్ళి ఫోను ఎత్తి చూశాం. అన్నిట్లోనూ టోను వస్తోంది. ఒమోండి గారు చివరి ఇంట్లో రిసీవరు పెట్టేసి, అక్కడే మట్టి అరుగు మీద కూలబడి, టోపీ తీసి ముఖానికి విసురుకున్నారు.

జరిగిందంతా ప్రొఫెసరుగారికి ఫోనులో చెప్పాను, తర్వాత రాసి కూడా పంపాను. వెంకటరత్నంగారు నాతో చాలాకాలం మాట్లాడలేదు. ప్రొఫెసరుగారు మాత్రం పుస్తకం మార్చి, ఆ అధ్యాయం కింద ఒమోండి గారి పేరు వేయించారు. ఆ పేజీ చూపించినప్పుడు ఆయన ముఖం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. అంతవరకు "మీ ఫోను" అనేవారు. ఆరోజు నుంచి "మన ఫోను" అన్నారు.

పేపర్లో వార్త

జిల్లా మొత్తానికి ఆర్డరు ఇవ్వడానికి వాళ్ళ ప్రభుత్వం సిద్ధపడింది. సంతకాలకి కొద్ది రోజుల ముందు ఒమోండి గారు ఒక పేపరు తెచ్చి నా బల్ల మీద పరిచారు. ఇండియాలో పల్లెటూళ్ళ ఫోన్ల కోసం మా శాఖ కొత్తగా పెద్ద ఎత్తున కొనబోతోందని, కొనేది మాత్రం విదేశీ ప్రమాణంతో పనిచేసే పరికరాలని అందులో ఉంది.

"సలోమీ గారూ, ఇది నిజమా?"

శాఖ నుంచి నాకు ముందే కబురొచ్చింది. ఎవరైనా అడిగితే "అవి అదనంగా కొంటున్నవి మాత్రమే, మన ఫోను ఎప్పటిలాగే ఉంటుంది" అని చెప్పమన్నారు. అబద్ధం అనడానికి లేదు. అదనం అన్న మాటను ఎంతైనా సాగదీయొచ్చు. ఆ మాట చెబితే సంతకాలైపోతాయి, మన దేశానికి పేరు, కంపెనీకి ప్రాణం. చెప్పకపోతే ఇన్ని నెలల పని గాలికి పోతుంది. ఎదురుగా కూర్చున్న మనిషి తన దేశంలో అందరి ముందూ మా ఫోను తరఫున నిలబడ్డాడు. రేపు విడిభాగాలు దొరక్కపోతే అందరూ వేలెత్తి చూపించేది ఆయన్ని.

"నిజమే" అన్నాను. "మా దగ్గర ఇక ఇది పెరగదనే నా అనుమానం."

ఆయన పేపరు మడత పెట్టారు. "మరి ఎందుకు చెప్పారు?" అన్నారు.

"రేపు విడిభాగాలు రావేమని మీరు ఫోన్ చేసి అడిగితే నేను ఏం చెప్పాలి?"

జిల్లా ఆర్డరు పోయింది. అది ఆ అప్పు ఇచ్చే దేశానికి వెళ్ళింది. కానీ సరస్సు ఒడ్డు ఊళ్ళను మాత్రం ఒమోండి గారు వదల్లేదు. ఒక షరతు పెట్టారు. ఫోను లోపలి డిజైన్లు మొత్తం ఇవ్వాలి, తమవాళ్ళకి మద్రాసులో మరమ్మతు నేర్పాలి, ఇక మీదట మార్పులు తామే చేసుకుంటామని. కంపెనీ గగ్గోలు పెట్టింది. "ఇచ్చేస్తే మనకేం మిగులుతుంది?" అన్నారు. ప్రొఫెసరుగారు, "ఇవ్వకపోయినా ఏం మిగలడం లేదుగా" అన్నారట. ఇచ్చారు.

నేను ఇంటికొచ్చాక వెంకటరత్నంగారు పిలిచి, "చేతికొచ్చిన పంటని నువ్వే తగలబెట్టావమ్మాయ్" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. మన వస్తువు గెలవాలని నాకంటే ఎక్కువ తపించాడు. ఆ తపనలోనే, కొనేవాడూ మనలాంటి ఇంజనీరే అని మర్చిపోయాడు.

ఇందులో నాకు అర్థమైనది

వెనక వచ్చిన దేశం తన ప్రమాణాన్ని పరదేశంలో నిలబెట్టుకునే దారులు కొన్ని నేను కళ్ళారా చూశాను. అప్పు ఇచ్చి అమ్మడం ఒకటి. అది పనిచేస్తుంది, కాదనను. ఆ దేశం వాళ్ళు ఈరోజు మనకంటే ఎంతో ముందున్నారు. వాళ్ళకి ఇంకో బలం ఉంది. తమ వస్తువును ముందు తమ ఊళ్ళలో దండిగా వాడారు, లోపాలతో సహా వాడారు. మనం ఇంట్లో మొహమాటపడి, బయట గొప్పలు చెప్పాం. ఎదుటివాళ్ళకి ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

రెండో సంగతి. మన ఒప్పందంలో ఎదుటివాళ్ళు ఒక్క వాక్యమైనా రాసుకునే వీలుండాలి. ఆ కందకం పేజీ లేకపోతే సరస్సు ఒడ్డున మన ఫోను ఒక్క వానాకాలం కూడా బతికేది కాదు.

ఆ తర్వాత సెల్‌ఫోన్లు వచ్చి పాతవాటిని, కొత్తవాటిని, మనవాటిని, వాళ్ళవాటిని అన్నిటినీ ఊడ్చేశాయి. అందులో ఎవరి తెలివీ లేదు, ఎవరి తప్పూ లేదు.

పెదకాకాని దారిలో

రిటైరవడానికి కొంతకాలం ముందు, విదేశీ ఇంజనీర్లకి శిక్షణ ఇచ్చే కార్యక్రమంలో భాగంగా కొందరు గుంటూరు వచ్చారు. వాళ్ళను ఎక్స్ఛేంజీలు చూపించడానికి తిప్పే పని నాది. వాళ్ళలో అచియెంగ్ అనే అమ్మాయి మొదటిరోజే నా దగ్గరికి వచ్చి, "సలోమీ అంటే మీరేనా? నేను ఒమోండి గారి దగ్గర పని నేర్చుకున్నాను" అంది.

ఆయన రిటైరయ్యారని, మేకల్ని పెంచుతున్నారని చెప్పింది. సెల్ టవర్లు వచ్చేదాకా సరస్సు ఒడ్డున మన ఫోను నడిచిందట. మద్రాసులో మరమ్మతు నేర్చుకున్నవాళ్ళు తర్వాత సొంతంగా రేడియో పరికరాలు చేయడం మొదలుపెట్టారట. ఈ పిల్ల ఆ బృందంలోనే పెరిగింది.

పెదకాకాని దారిలో టీకొట్టు దగ్గర వ్యాను ఆపాం. అచియెంగ్ తన ఫోను తీసింది. మామూలు చిన్న ఫోను, మీటలున్నది. "మా దేశంలో ఇప్పుడు దీంతోనే డబ్బు పంపుకుంటున్నాం. బ్యాంకు అక్కర్లేదు. బయల్దేరే ముందు మా అమ్మకి ఇలాగే పంపాను" అని, వచ్చిన మెసేజీలు చూపించింది. "ఇది మేము తయారు చేసుకున్న పద్ధతి. మీ దేశంలో కూడా ఎవరైనా చేసి చూస్తారా అని అడగాలని ఉంది."

నాతో వచ్చిన కుర్ర అధికారి ఒకతను మర్యాదగానే నవ్వాడు. తెలుగులో నాతో, "మన దగ్గర ఇట్టాంటివి నడవవు మేడమ్. రిజర్వు బ్యాంకు ఒప్పుకోదు. అయినా మనకి నేర్పడానికి వీళ్ళా?" అన్నాడు.

ఆ అమ్మాయికి భాష అర్థం కాలేదు. నవ్వు అర్థమైంది. ఫోను మెల్లగా బ్యాగులో పెట్టుకోబోయింది.

"ఉండమ్మా" అన్నాను. "లోపల పెట్టకు. పక్క బల్ల దగ్గర కూర్చుందాం రా. మీ అమ్మ ఊళ్ళో సిగ్నలు లేకపోతే ఆ డబ్బు ఎక్కడ ఆగుతుంది? పొరపాటున వేరే నంబరుకి పంపితే వెనక్కి వస్తుందా? ముసలివాళ్ళు రహస్య నంబరు మర్చిపోతే ఏం చేస్తారు? మొదటినుంచి చెప్పు."

ఆమె బల్ల మీద టీ గ్లాసులు పక్కకి జరిపి చెప్పడం మొదలుపెట్టింది. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. కాసేపటికి ఆ కుర్ర అధికారి కూడా కుర్చీ లాక్కుని మా బల్ల దగ్గరికి వచ్చి, "అయితే, బ్యాంకు లేనప్పుడు ఆ డబ్బంతా ఎవరి దగ్గర ఉన్నట్టు?" అని అడిగాడు.